మాటకు దారి వేసిన దొర – సి.పి. బ్రౌన్

కావ్యం రాసిన కవిని లోకం తరతరాలు తలుచుకుంటుంది. ఆ కావ్యంలో మనకు కావలసిన ఒక్క మాట ఏ ఆశ్వాసంలో, ఎన్నో పద్యంలో ఉందో వెతికి పెట్టినవాణ్ణి తలుచుకునేవాళ్ళు బహు అరుదు. పుస్తకం చివర ఉండే పదసూచి ఎవరు తయారు చేశారని మనలో ఎవరైనా ఎప్పుడైనా అడిగామా? అవసరం పడినప్పుడు తిప్పి చూస్తాం, పని కాగానే మూసేస్తాం. అటువంటి పేరు రాని చాకిరీని నలభై ఏళ్ళకు పైగా చేసి, అందులో తన జీతం, ఆరోగ్యం, వయసు అంతా పోసి, ఆ చాకిరీతోనే చిరస్మరణీయుడైన వ్యక్తి ఒకడున్నాడు. ఆయనే చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. మన కడపవాళ్ళ నోట బ్రౌన్ దొర.

మైలవరం, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల పల్లెల నుంచి వచ్చి చదువుకునే విద్యార్థికి బ్రౌన్ పేరు కొత్త కాదు. తెలుగు లెక్చరర్లు చెప్పగా విన్నదే. అయితే నేడు కంప్యూటర్ సైన్సు చదివే మిత్రులకు బ్రౌన్‌తో ఏం పని అనిపించవచ్చు. పని ఉంది. అది ఈ వ్యాసం చివరికి మీకే తెలుస్తుంది. ముందు ఆయన కథ చూద్దాం.

చదువు – ఉద్యోగం

బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు, ఫోర్ట్ విలియం కాలేజీలో పెద్ద పదవిలో ఉన్నవాడు, అనేక భాషలు తెలిసినవాడు. కొడుక్కి చిన్ననాటనే హీబ్రూ, అరబ్బీ, పారసీ, హిందుస్తానీ నేర్పించాడు. 1812లో ఆ తండ్రి కన్నుమూశాడు. కుటుంబం ఇంగ్లండు చేరింది. అక్కడ హెయిలీబరీ కాలేజీలో కంపెనీ సివిలు ఉద్యోగానికి చదివి, 1817 ఆగస్టులో బ్రౌన్ మద్రాసు రేవులో దిగాడు. అప్పటికి ఆయనకు తెలుగు ఒక్క ముక్క రాదు.

సెయింట్ జార్జి కోట కాలేజీలో వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు అక్షరాలు దిద్దాడు. పరీక్ష నెగ్గి, 1820లో కడప కలెక్టరు కచేరీలో సహాయకుడుగా చేరాడు. అది థామస్ మన్రో మద్రాసు గవర్నరుగా వచ్చిన సంవత్సరం. అంతకు ముందు దత్తమండలాలకు కలెక్టరుగా పనిచేసిన మన్రో, రైతు మాట రైతు భాషలోనే వినగలిగినవాడే మంచి అధికారి అని నమ్మినవాడు. ఆ నమ్మకం బ్రౌన్‌కూ ఒంటబట్టింది.

కచేరీలో కూర్చోగానే ఆయనకొక సంగతి తెలిసింది. కాలేజీలో నేర్పిన తెలుగు వేరు, జమాబందీకి వచ్చిన రైతు మాట్లాడే తెలుగు వేరు. కావ్యంలోని తెలుగు మరీ వేరు. ఈ మూడింటికీ అర్థం చెప్పే పుస్తకం ఒక్కటీ లేదు. 1821లో అలెగ్జాండర్ డంకన్ క్యాంప్‌బెల్ ప్రచురించిన నిఘంటువు ఉన్నా, అది ప్రధానంగా బందరు పండితుడు మామిడి వెంకయ్య అకారాదిగా కూర్చిన ఆంధ్ర దీపిక మీద ఆధారపడింది. రైతు నోటి మాట దానిలో దొరకదు.

ఇక మన సంప్రదాయ నిఘంటువుల సంగతి. అమరకోశం గానీ, పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం గానీ పద్యాల్లో ఉన్నాయి. దేవతల పేర్లు ఒక వర్గం, మనుషుల పేర్లు ఒక వర్గం, ఈ తీరుగా విషయాన్ని బట్టి పేర్చినవి. చిన్నప్పుడే కంఠస్థం చేసినవాడికి అవి కామధేనువులు. గొంతులోనే పుస్తకం ఉంటే ఇంక వెతకడమెందుకు? కాని కంఠస్థం చేయనివాడికి, పరాయి దేశం నుంచి వచ్చినవాడికి, నడివయసులో చదువు మొదలుపెట్టినవాడికి అవి తాళం వేసిన పెట్టెలు. బ్రౌన్ ఆ పెట్టె బయట నిలబడ్డ మనిషి. పదసూచి విలువ లోపలున్న పండితుడి కంటే బయట నిలబడ్డవాడికే బాగా తెలుస్తుంది.

వేమన తెచ్చిన చిక్కు

1822లో బందరుకు బదిలీ అయింది. 1824లో ఫ్రెంచి మతాచార్యుడు డుబ్వా రాసిన పుస్తకంలో వేమన పేరు చూసి, ఆ పద్యాల కోసం వెతకడం మొదలుపెట్టాడు. ఊరూరి నుంచి తాటాకు ప్రతులు వచ్చాయి. పద్యాలు వేలల్లో ఉన్నాయి. ఒక్కో ప్రతిలో వరస ఒక్కో తీరు. ఒకే పద్యం ఒక చోట మొదట ఉంటే ఇంకో చోట చివర ఉంది. ఒక చరణం మారి రెండు పద్యాలుగా చెలామణీ అవుతున్నవీ ఉన్నాయి.

ఆలోచించండి. పదో పన్నెండో కట్టలు ముందేసుకుని, ఈ కట్టలో పద్యం ఆ కట్టలో ఉందా లేదా అని చూడాలంటే ఎట్లా? మొదటి నుంచి చివరిదాకా ప్రతిసారీ చదవాల్సిందే. పద్యానికి అంకె వేసి, మొదటి మాటను బట్టి అకారాదిగా పట్టిక కట్టుకుంటే తప్ప ఆ పని మనిషి ఆయుష్షులో తెమలదు. ఈ చిక్కులోంచే బ్రౌన్ పరిష్కర్తగా తయారయ్యాడు. 1829లో 693 వేమన పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో అచ్చయ్యాయి. నీతి, మతం, హేళన అని విభాగాలు చేశాడు. 1839లో వచ్చిన రెండో కూర్పులో పద్యాల సంఖ్య 1164కు పెరిగింది.

కడపలో బ్రౌన్ కాలేజీ

1826లో మళ్ళీ కడప వచ్చినప్పుడు తోటతో కూడిన పెద్ద బంగళా ఒకటి కొన్నాడు. అందులో పండితులను, లేఖకులను సొంత జీతాలిచ్చి కూర్చోబెట్టాడు. జనం దాన్నే బ్రౌన్ కాలేజీ అనుకున్నారు. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య వంటి పండితులు ఆయన పనికి వెన్నెముకగా నిలిచారు. బ్రౌన్ కడప విడిచి ఎక్కడెక్కడికి బదిలీ అయినా ఆ పని ఆగలేదు. కాగితాలు టపాలో వెళ్ళేవి, దిద్దుబాట్లతో తిరిగి వచ్చేవి.

వాళ్ళ పని తీరు ఇప్పటికీ నేర్చుకోదగ్గది. ఒక కావ్యానికి దొరికినన్ని తాటాకు ప్రతులు తెప్పించడం మొదటి మెట్టు. వాటిలో ఒకదాన్ని కాగితం మీద శుభ్రంగా ఎత్తి రాయడం, పద్యాలన్నిటికీ వరుస అంకెలు వేయడం రెండో మెట్టు. తక్కిన ప్రతులతో పోల్చి పాఠభేదాలు గుర్తించడం మూడోది. ఆ తర్వాత వ్యాకరణం తెలిసినవాళ్ళు, ఛందస్సు తెలిసినవాళ్ళు కలిసి కూర్చుని ఏ పాఠం నిలుస్తుందో వాదించుకోవడం. చివరగా తీర్పు, వ్యాఖ్యానం.

ఇందులో పద్యానికి అంకె వేయడం చూడ్డానికి ఎంత చిన్న పని! అసలు కీలకం అక్కడే ఉంది. తాటాకు గ్రంథానికీ ఆకుల అంకెలు ఉంటాయి. కాని ఒక లేఖకుడు పొడుగాకు మీద రాస్తే ఇంకొకడు పొట్టాకు మీద రాస్తాడు. ఒకడి చేతిలో ముప్పయ్యో ఆకు ఇంకొకడి చేతిలో యాభయ్యో ఆకు. కనుక ఫలానా మాట ముప్పయ్యో ఆకులో ఉందని చెబితే ఆ ఒక్క కట్టకే చెల్లుతుంది. మూడో ఆశ్వాసం, పన్నెండో పద్యం అని చెబితే ఏ ఊళ్ళో ఏ ప్రతిలోనైనా చెల్లుతుంది. ప్రతి మారినా చెడని ఆనవాలు ఇది.

ఈ పనికి డబ్బు ఎక్కడిది? కంపెనీ ఇచ్చిన సాయం స్వల్పం. జీతం చాలకపోతే అప్పులు చేశాడు. కడపలోనూ బందరులోనూ ఉచిత పాఠశాలలు పెట్టింది కూడా సొంత సొమ్ముతోనే. పెళ్ళి చేసుకోలేదు. ఎండిన తాటాకు, చెద పురుగు, అప్పులవాడు – ఈ ముగ్గురితోనే కాపురం.

ఆయన నైజం తెలిపే సంగతి ఒకటుంది. 1832–33లో గుంటూరు సీమ కరువుతో అల్లాడిపోయింది. పైఅధికారులు కొరత అన్న మెత్తని మాటతో సరిపెడుతుంటే, బ్రౌన్ కరువును కరువనే రాశాడు. ఉన్నదాన్ని జనం పిలిచే పేరుతోనే పిలవడం ఆయనకు కచేరీ కాగితంలోనూ ధర్మమే, నిఘంటువులోనూ ధర్మమే.

లండన్ కట్టలు – మెకంజీ కాగితాలు

1835లో ఇంగ్లండు వెళ్ళి సుమారు మూడేళ్ళు ఉన్నాడు. సెలవులోనూ ఊరుకోలేదు. లండన్‌లో కంపెనీ గ్రంథాలయంలో దక్షిణాది రాతప్రతులు గుట్టలుగా పడి ఉన్నాయి. వాటిని చదవగలిగినవాళ్ళు అక్కడ లేరు. ఏ కట్ట ఏమిటో చెప్పే జాబితా లేదు. బ్రౌన్ కూర్చుని జాబితా తయారు చేసి, రెండు వేలకు పైగా గ్రంథాలను మద్రాసుకు పంపే ఏర్పాటు చేయించాడు. ఎవరూ వెతకలేని గ్రంథం ఉన్నా లేనట్టేనని ఆయనకు బాగా తెలుసు.

కల్నల్ కాలిన్ మెకంజీ కావలి సోదరుల వంటివారి సాయంతో ఊరూరా రాయించిన కైఫీయత్తులు కూడా అప్పటికి శిథిలమవుతున్నాయి. బ్రౌన్ వాటికి మంచి కాగితం మీద నకళ్ళు తీయించాడు. గండికోట, జమ్మలమడుగు కైఫీయత్తులు నేడు మనం చదవగలుగుతున్నామంటే ఈ ఇద్దరి చలవే. బ్రౌన్ తాను పోగుచేసిన గ్రంథాలను కూడా 1840లలో మద్రాసులోని సాహిత్య సంఘానికి ఇచ్చేశాడు. అవి తర్వాత ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం చేరాయి.

ఇటువంటి కాగితాల్లో ఊరి పేరు వెతికేవాడికి మన మైలవరమే ఒక పాఠం. పెన్న ఒడ్డున, గండికోట దగ్గర మైలవరం ఒకటి. కృష్ణా సీమలో మైలవరం ఇంకొకటి, అది నేడు ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. సూచికలో మైలవరం అని ఒక్క మాట రాసి, దాని ఎదుట రెండు ఊళ్ళ పేజీ అంకెలూ కలిపేస్తే చదువరి పెన్న ఒడ్డున బయలుదేరి కృష్ణా సీమలో తేలతాడు. పేరు పక్కన సీమ పేరు చేర్చడం ఎంత చిన్న పనో అంత అవసరమైన పని.

నిఘంటువు

1838లో తిరిగి వచ్చాక మద్రాసులో పారసీ అనువాదకుడుగా, తర్వాత పోస్ట్‌మాస్టర్ జనరలుగా పనిచేస్తూ, 1840లో తెలుగు వ్యాకరణం వెలువరించాడు. వసుచరిత్ర, మనుచరిత్ర వ్యాఖ్యానాలతో అచ్చువేయించాడు. 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు మద్రాసు వేపేరిలో అచ్చయింది. వెయ్యి పేజీలు దాటిన గ్రంథం. 1854లో అన్యదేశ్యాలకు వేరే మిశ్రభాషా నిఘంటువు వచ్చింది. కచేరీల్లో నలిగే హిందుస్తానీ, ఇంగ్లీషు మాటలను అందులో చేర్చాడు.

నిఘంటువు తెరిచి చూస్తే కడప బంగళాలో జరిగిన చాకిరీ కళ్ళకు కడుతుంది. మాట, దాని మూలభాష, అర్థం, ఆ పైన కావ్యం పేరుకు పొడి అక్షరాలు, ఆశ్వాసం అంకె, పద్యం అంకె. అంటే ఆ నిఘంటువు ఒక విధంగా తెలుగు కావ్యాలన్నిటికీ కలిపి వేసిన పదసూచి. నమ్మకం లేకపోతే నువ్వే వెళ్ళి చూసుకో అని చదువరి చేతికి చిరునామా ఇచ్చినట్టు.

రెండో గొప్ప. మాట ఎక్కడ వెతుకుతారో అక్కడ పెట్టాడు. గేదె, బర్రె, ఎనుము – జంతువు ఒకటే, సీమకొక పేరు. మూడూ దేని చోట అది ఉన్నాయి. సర్కారు నాగలీ ఉంది, మన మడకా ఉంది. రాత రెండు రకాలుగా ఉన్న మాటకు రెండు రూపాలూ చూపాడు. ఒక చోట వివరం ఇచ్చి, ఇంకో చోట దాన్ని చూడమని దారి చూపాడు. గ్రామ్యాన్ని చేర్చాడని పండితులు ముఖం చిట్లించారు. 1885లో వెలువడిన బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం ఎంత ప్రామాణికమైనదైనా, వాడుక మాట కావాలంటే జనం బ్రౌన్ దగ్గరికే రావలసి వచ్చింది.

1855లో ఆరోగ్యం చెడి లండన్ చేరాడు. అక్కడ కొంతకాలం విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడుగా ఉన్నాడు. నిఘంటువును దిద్దుకుంటూనే 1884 డిసెంబరు 12న కన్నుమూశాడు. 1903లో ఆ నిఘంటువు రెండో కూర్పు వచ్చినప్పుడు, సంస్కర్తల్లో కందుకూరి వీరేశలింగం పంతులు ఒకరు.

మనకు మిగిలిన పాఠం

ఇప్పుడు కంప్యూటరు మిత్రుల సంగతి. ప్రోగ్రాము రాయడం ఒక ఎత్తు, దాని రెఫరెన్స్ మాన్యువల్ రాయడం ఇంకో ఎత్తు. మాన్యువల్ అనేది కథాపుస్తకం కాదు. మొదటి నుంచి చివరిదాకా ఎవరూ చదవరు. పని మధ్యలో ఆగిపోయినవాడు విసుగ్గా తెరుస్తాడు. వాడికి ఇండెక్సే గడప. అక్కడ దొరకకపోతే, పుస్తకంలో ఉన్నా లేనట్టే.

యంత్రమే ఇండెక్స్ వేస్తుంది కదా అనవచ్చు. 1950ల చివర ఐ.బి.ఎం.లో హాన్స్ పీటర్ లూన్ అటువంటి ఏర్పాటే చేశాడు. శీర్షికలోని ముఖ్యమైన ప్రతి మాటనూ వరుసగా ముందుకు తెచ్చి అకారాదిలో పెట్టే పద్ధతి. 1970ల నాటి యునిక్స్ మాన్యువళ్ళలో ఇదే తీరు సూచిక ఉండేది. ఫైలును తీసేసే ఆర్‌ఎం అనే ఆజ్ఞకు ఇచ్చిన ఒక్క లైను వివరణలో రిమూవ్ అని ఉంది గనుక, రిమూవ్ కింద అది దొరుకుతుంది. డిలీట్ అని వెతికేవాడికి ఆ లైను చేతికి రాదు. ఎందుకంటే రాసినవాడు ఆ మాట వాడలేదు. యంత్రం ఉన్న మాటను వెతికి పెట్టగలదు, చదువరి మనసులోని మాటను ఊహించలేదు. నాగలి దగ్గర మడకను కూడా తలుచుకోవడం మనిషి పని.

లేటెక్ వాడేవాళ్ళకు మేక్‌ఇండెక్స్ తెలుసు. అది అకారాదిలో పేరుస్తుంది, పేజీ అంకెలు కలుపుతుంది. ఏ మాటను ఎక్కించాలో మాత్రం మనమే గుర్తు పెట్టాలి. మాట కనిపించిన ప్రతి చోటునూ ఎక్కించరాదు. ఆ విషయం నిజంగా చెప్పిన చోటునే ఎక్కించాలి. ఒక మాట ఎదుట పదిహేను అంకెలు పేర్చితే అది సూచిక కాదు, లాటరీ చీటీ. ఫైలు అని పెట్టి, కింద తెరవడం, చదవడం, చెరపడం, అనుమతులు అని విడదీయాలి. ముఖ్యమైన చోటు అంకెను లావు అక్షరాల్లో వేయాలి. యంత్రం తెర మీద చూపే తప్పు సందేశాలను కూడా సూచికలో చేర్చాలి. చిక్కులో పడ్డవాడి చేతిలో ఉండే మాట అదొక్కటే గదా.

కూర్పు మారితే పేజీ మారుతుంది. కాబట్టి తరుచూ మారే మాన్యువల్‌కు ప్రకరణం అంకె ఇవ్వడం మేలు. ఇది బ్రౌన్ పద్యం అంకె కిటుకే! తెలుగులో రాసేటప్పుడు ఇంకో జాగ్రత్త కావాలి. ఫైల్, ఫైలు అని రెండు రాతలు కలిసిపోతే అవి రెండు మాటలై రెండు చోట్ల పడతాయి. ఒకటి నిలబెట్టి రెండోదాని దగ్గర దారి చూపాలి. అంతా అయ్యాక, ఆ ప్రోగ్రాము ఎరగని స్నేహితుడికి పది ప్రశ్నలిచ్చి, సూచిక ద్వారా జవాబులు వెతకమనాలి. వాడు ఏ మాట కోసం వెతికి దొరక్క తల గోక్కున్నాడో ఆ మాటే మనం మరిచిన మాట. పండితులందరూ లోపలే కూర్చుంటే బయట నిలబడ్డవాడి బాధ తెలియదు.

కడప ఎర్రముక్కపల్లిలో బ్రౌన్ బంగళా ఉన్న చోట, జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి వంటివారి పట్టుదలతో బ్రౌన్ స్మారక గ్రంథాలయం వెలిసింది. నేడది యోగి వేమన విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంగా నడుస్తోంది. వేమనను వెతికినవాడి ఇల్లు వేమన పేరున్న విశ్వవిద్యాలయం చేతికి రావడం ముచ్చటైన సంగతి. ఆయన నిఘంటువు కూడా కంప్యూటరులోకి ఎక్కింది. చికాగో విశ్వవిద్యాలయం వారి దక్షిణాసియా నిఘంటువుల్లో అదొకటి. కంప్యూటరు అందులో క్షణంలో మాట వెతికి పెడుతోందంటే, ఆ మాటలను ముందుగా ఒక్కొక్కటే ఏరి చోటు చూపించిన చేతులు కడప బంగళాలో ఉండబట్టే.

ఈ ఏడు ప్రాజెక్టు రిపోర్టు రాస్తున్న మిత్రులారా! చివరి రెండు రోజులు సూచిక కోసం అట్టిపెట్టండి. దానికి మార్కులు ఉండకపోవచ్చు, ఎవరూ మెచ్చుకోకపోవచ్చు. మీ తర్వాత వచ్చే జూనియరు ఒకడు ఏ రాత్రివేళో ఆ పేజీ తిప్పి, కావలసింది దొరికి, హాయిగా నిద్రపోతాడు. బ్రౌన్ దొరకు మనం చేయగల తద్దినం అదే.